లెక్క సరిగ్గానే ఉంది, ఫ్యాను మాత్రం తిరగలేదు

క్రోసూరు చుట్టుపక్కల తొలకరి పడ్డాక మిర్చి పని నారుతోనే మొదలవుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో షేడ్‌నెట్ల కింద ప్రోట్రేలలో లేత మొక్కలు పెరుగుతుంటాయి. నాలుగు రోజులు వాన మొహం చాటేస్తే చాలు, ఎండ ముదిరి నెట్ కింద ఉక్క పెరుగుతుంది. అక్కడ వేడి 36 డిగ్రీలు దాటగానే ఫ్యాను దానంతట అదే తిరిగేలా ఒక సర్క్యూట్ చేయాలని ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివే ఓ కుర్రాడికి అనిపించిందనుకుందాం. వేడిని కొలిచే ఎల్‌ఎం35 సెన్సారు, ఎల్‌ఎం358 అనే ఆప్‌ఆంప్ ఐసీ, నాలుగు రెసిస్టర్లు, ఫోన్ ఛార్జరు నుంచి 5 వోల్ట్ల కరెంటు. ముఖ్యమైన సరంజామా ఇదే.

పొద్దున 28 డిగ్రీలప్పుడు మీటరు పెట్టి చూస్తే అంకె లెక్కకు సరిపోయింది. మధ్యాహ్నానికి నెట్ కింద 38 అయింది. ఫ్యాను కదల్లేదు. వైరు ఊడలేదు, ఐసీ కాలలేదు, లెక్కలోనూ తప్పు లేదు. అయినా సర్క్యూట్ పనిచేయలేదు.

ఆప్‌ఆంప్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఈ ఉదాహరణ ఉపయోగపడుతుంది. పుస్తకంలో ఉండే సూత్రం నిజమే. అయితే అది కొన్ని హద్దుల లోపలే నిజం. ఆ హద్దుల లోపల పని జరిగేలా చూసుకోవడమే డిజైన్. హద్దు ఎక్కడుందో మీటరుతో వెతికి పట్టుకోవడమే టెస్టింగ్. ఈ రెండూ ఎలా చేయాలో ఈ ఫ్యాను సర్క్యూట్ మీదే మెల్లగా చూద్దాం.

ఆప్‌ఆంప్ చేసే పని

ఆప్‌ఆంప్‌కు రెండు ఇన్‌పుట్లు, ఒక అవుట్‌పుట్ ఉంటాయి. ఇన్‌పుట్లలో ఒకటి ప్లస్, రెండోది మైనస్. రెండింటి మధ్య ఉన్న తేడాను అది విపరీతంగా పెంచి అవుట్‌పుట్‌లో చూపుతుంది. కాలేజీ లేబుల్లో కనిపించే 741 ఐసీ మామూలుగా ఈ తేడాను 2 లక్షల రెట్లు పెంచుతుంది. అంత పెంపు నేరుగా ఎందుకూ పనికిరాదు. తేడా పదో వంతు మిల్లీవోల్టు ఉన్నా అవుట్‌పుట్ పైకప్పును తాకేస్తుంది. అందుకే అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి మైనస్ ఇన్‌పుట్‌కు అందిస్తారు. దీన్నే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు.

నాగార్జునసాగర్ కుడి కాలువ తూము దగ్గర షట్టరు చూసుకునే లస్కరును తలచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. దిగువ కాలువలో ఇంత మట్టం ఉండాలని పైవాళ్లు చెబుతారు. ఆయన సూత్రాలేవీ వెయ్యడు. గేజీ చూస్తాడు. మట్టం తక్కువైతే షట్టరు కాస్త ఎత్తుతాడు, ఎక్కువైతే దించుతాడు, చెప్పిన మట్టమూ చూసిన మట్టమూ ఒకటయ్యేదాకా అలా సర్దుతూనే ఉంటాడు. ఆప్‌ఆంప్ కూడా అంతే. ప్లస్ ఇన్‌పుట్ చెప్పిన మట్టం, మైనస్ ఇన్‌పుట్ గేజీ, అవుట్‌పుట్ షట్టరు. రెండు ఇన్‌పుట్లూ సమానమయ్యే వరకు అవుట్‌పుట్ కదులుతుంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కాలువ పైభాగంలోనే నీళ్లు లేకపోతే షట్టరు నిలువునా ఎత్తినా మట్టం రాదు.

ఆప్‌ఆంప్‌తో లెక్క కట్టడానికి రెండు నియమాలు చాలు. ఒకటి, ఇన్‌పుట్ కాళ్లలోకి కరెంటు దాదాపు పోదు. రెండు, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఉన్నంతసేపు, అవుట్‌పుట్‌కు కదిలే చోటున్నంతసేపు, రెండు ఇన్‌పుట్ల వోల్టేజీ ఒక్కటే. రెండో నియమం చివర ఉన్న షరతును చాలామంది మరిచిపోతారు. మన ఫ్యాను ఆగింది అక్కడే.

పడవలో పుట్టిన ఆలోచన

ఈ ఫీడ్‌బ్యాక్ పద్ధతికి వందేళ్లు కావస్తోంది. 1927 ఆగస్టులో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్ హడ్సన్ నది మీద పడవలో పనికి వెళ్తూ చేతిలో ఉన్న న్యూస్‌పేపరు మీదే దీని బొమ్మ గీశాడు. దూరపు టెలిఫోన్ లైన్లలో మాటను పెంచే ఆంప్లిఫయర్లు మాటను వంకర కూడా చేసేవి. కావలసినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ పెంచి, ఆ ఎక్కువనంతా ఫీడ్‌బ్యాక్‌తో వదులుకుంటే మిగిలిన పెంపు ఎంతో నిలకడగా ఉంటుందని ఆయన కనిపెట్టాడు. అప్పుడు పెంపు ఎంతో నిర్ణయించేది వాక్యూమ్ ట్యూబుల మంచిచెడ్డలు కాదు, బయట పెట్టిన రెసిస్టర్లు.

1952లో ఫిల్‌బ్రిక్ కంపెనీ కె2-డబ్ల్యూ అనే ఆప్‌ఆంప్‌ను అమ్మకానికి తెచ్చింది. అందులో రెండు వాక్యూమ్ ట్యూబులు ఉండేవి, దానికి ప్లస్, మైనస్ 300 వోల్ట్ల సరఫరా కావాలి. 1965లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో బాబ్ విడ్లర్ చేసిన 709 ఐసీ ఈ పనినంతా ఒక సిలికాన్ ముక్క మీదే చేసింది. కానీ అది సొంతంగా ఊగిపోకుండా ఉండాలంటే బయట కెపాసిటర్లు తగిలించాలి. 1968లో అదే కంపెనీలో డేవ్ ఫుల్లాగర్ 30 పికోఫారడ్ల కెపాసిటరును ఐసీ లోపలే పెట్టి 741ను తయారు చేశాడు. నరసరావుపేట, గుంటూరు కళాశాలల్లో ఇ.సి.ఇ. చదివే పిల్లలకు ఆప్‌ఆంప్ అనగానే గుర్తొచ్చేది ఇదే.

లేబులో 741కు ప్లస్ 15, మైనస్ 15 వోల్ట్లు ఇచ్చే సప్లై బల్ల మీదే ఉంటుంది. ఇంట్లోనో పొలంలోనో ఉండేది ఒక్క బ్యాటరీ లేదా ఒక అడాప్టరు. ఎల్‌ఎం35 ఇచ్చే వోల్టేజీ సున్నాకు బాగా దగ్గర్లో ఉంటుంది. ఒకే సప్లై మీద నడిపినప్పుడు 741 అంత కింది ఇన్‌పుట్‌ను చూడలేదు. ఎల్‌ఎం358 సున్నా వోల్ట్ల దాకా చూడగలదు, అవుట్‌పుట్‌ను సున్నా దగ్గరికి దించగలదు, పైగా ఒకే ఐసీలో రెండు ఆప్‌ఆంప్‌లు ఉంటాయి. మన పనికి అందుకే దాన్ని ఎంచుకోవాలి. పుస్తకంలో బొమ్మ 741తో వేశారని ఒకే సప్లై మీద అదే వాడితే సర్క్యూట్ మొదట్లోనే విఫలమవుతుంది.

11 రెట్లు పెంచడం

ఎల్‌ఎం35 ఒక్కో డిగ్రీకి 10 మిల్లీవోల్ట్లు ఇస్తుంది. 36 డిగ్రీల దగ్గర 0.36 వోల్ట్లు. దీన్ని పెంచడానికి సెన్సారు అవుట్‌పుట్‌ను ఎల్‌ఎం358లో 3వ కాలుకు, అంటే మొదటి ఆప్‌ఆంప్ ప్లస్ ఇన్‌పుట్‌కు ఇస్తాం. 1వ కాలు అవుట్‌పుట్. అక్కడి నుంచి 2వ కాలుకు, అంటే మైనస్‌కు, 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు. 2వ కాలు నుంచి గ్రౌండుకు 1 కిలో ఓమ్. 8వ కాలుకు సప్లై ప్లస్, 4వ కాలుకు గ్రౌండు.

ఇప్పుడు రెండు నియమాలనూ వాడదాం. మైనస్ కాలులోకి కరెంటు పోదు కాబట్టి రెండు రెసిస్టర్లలోనూ ఒకే కరెంటు పారుతుంది. మొత్తం 11 కిలో ఓమ్‌లలో 1 కిలో ఓమ్ మీద పడే వోల్టేజీ మైనస్‌కు చేరుతుంది. అంటే అవుట్‌పుట్‌లో 11వ వంతు. అది ప్లస్‌తో సమానం కావాలంటే అవుట్‌పుట్ ఇన్‌పుట్‌కు 11 రెట్లు ఉండి తీరాలి. 28 డిగ్రీలకు 3.08 వోల్ట్లు, 36కు 3.96, 38కి 4.18. కుర్రాడు కట్టిన లెక్క ఇదే. ఇందులో తప్పు లేదు.

తప్పు సప్లై దగ్గర ఉంది. ఎల్‌ఎం358 అవుట్‌పుట్ సప్లై వోల్టేజీ దాకా ఎక్కలేదు. దానికి సుమారు 1.5 వోల్ట్లు కిందనే ఆగిపోతుంది. 5 వోల్ట్ల సప్లై ఇస్తే 3.5 దగ్గరే పైకప్పు. 3.5ను 11తో భాగిస్తే 0.318 వోల్ట్లు, అంటే 32 డిగ్రీలు కూడా కాదు. ఆపైన ఎండ 38 అయినా, రెంటచింతల వేసవిలా 45 అయినా అవుట్‌పుట్ అక్కడే నిలిచిపోతుంది. ఫ్యాను తిరగాల్సిన 3.96 ఎప్పటికీ రాదు. పొద్దున 28 దగ్గర చేసిన ఒక్క పరీక్ష ఈ సంగతిని దాచిపెట్టింది.

మందు తేలికే. 12 వోల్ట్లు ఇస్తే పైకప్పు 10.5కు లేస్తుంది, అంటే 95 డిగ్రీల దాకా చోటుంటుంది. ఎల్‌ఎం35 కూడా 4 నుంచి 30 వోల్ట్ల సప్లై మీద పనిచేస్తుంది కనుక రెండింటికీ అదే సప్లై సరిపోతుంది. 15 వోల్ట్ల అడాప్టరు తర్వాత 7812 రెగ్యులేటరు పెట్టుకుంటే 12 నిలకడగా ఉంటుంది. డిజైన్ మొదలుపెట్టేటప్పుడే రెండు సంగతులు లెక్క చూసుకోవాలి: ఇన్‌పుట్ ఎంత ఎక్కువకు వెళ్లగలదు, అప్పుడు అవుట్‌పుట్ ఎంత కావాలి. ఆ రెండూ తెలిశాకే సప్లై ఎంచుకోవాలి.

తప్పు ఎక్కడి నుంచి వస్తుంది

లెక్కలో 11 అని రాశాం. బోర్డు మీద అది 11 అవుతుందా? బంగారు రంగు పట్టీ ఉన్న రెసిస్టరు రాసిన విలువకు 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. 10 కిలో ఓమ్ 5 శాతం ఎక్కువగా, 1 కిలో ఓమ్ 5 శాతం తక్కువగా కుదిరితే పెంపు 12.05 అవుతుంది. నిజంగా 36 డిగ్రీలున్నప్పుడు మన సర్క్యూట్ దాన్ని 39.4 అనుకుంటుంది. అటుతిప్పి కుదిరితే 33 దగ్గర అనుకుంటుంది. మూడు డిగ్రీల తేడా మొక్కకు చిన్న విషయం కాదు. ఒక శాతం రెసిస్టర్లు వాడితే ఈ తప్పు అన్నిటికంటే చెడ్డగా కుదిరినా 0.7 డిగ్రీ లోపే ఉంటుంది.

రెండో తప్పు ఆప్‌ఆంప్‌దే. రెండు ఇన్‌పుట్లూ సమానమని చెప్పుకున్నా లోపలి ట్రాన్సిస్టర్లు అచ్చం కవలలు కావు. ఎల్‌ఎం358లో ఈ తేడా సాధారణంగా 2 మిల్లీవోల్ట్లు, 25 డిగ్రీల దగ్గర గరిష్ఠంగా 7 దాకా ఉండొచ్చు. డిగ్రీకి 10 మిల్లీవోల్ట్లు ఇచ్చే సెన్సారుకు 7 మిల్లీవోల్ట్లంటే 0.7 డిగ్రీ. దీన్ని ఆఫ్‌సెట్ అంటారు.

మూడోది ఇన్‌పుట్ కరెంటు. దాదాపు పోదు అన్నాం, బొత్తిగా పోదు అనలేదు. ఎల్‌ఎం358లో అది మామూలుగా 45 నానోఆంపియర్లు. సెన్సారుకు పొడవాటి వైరు వాడితే వైరు కెపాసిటెన్సు వల్ల ఎల్‌ఎం35 అవుట్‌పుట్ ఊగే ప్రమాదం ఉంది కాబట్టి సెన్సారు దగ్గరే అవుట్‌పుట్‌కు వరసలో 2 కిలో ఓమ్ పెట్టడం మంచిది. అందులో 45 నానోఆంపియర్లు పారితే పడే వోల్టేజీ 0.09 మిల్లీవోల్టు, డిగ్రీలో వందో వంతు. నిశ్చింతగా వదిలేయొచ్చు. అదే చోట 1 మెగా ఓమ్ పెడితే 45 మిల్లీవోల్ట్లు, అంటే నాలుగున్నర డిగ్రీల తప్పు. తప్పులన్నిటినీ ఇలా డిగ్రీల్లోకి మార్చి పక్కపక్కన రాసుకుంటే దేనికి డబ్బు పెట్టాలో, దేన్ని వదిలేయాలో వెంటనే తెలుస్తుంది. ఇక్కడైతే ముందు మార్చాల్సినవి రెసిస్టర్లే.

నిర్ణయం తీసుకునే రెండో ఆప్‌ఆంప్

ఐసీలోని రెండో ఆప్‌ఆంప్ 36 దాటిందా లేదా తేల్చాలి. ఒక ఇన్‌పుట్‌కు పెంచిన వోల్టేజీ, రెండో దానికి పొటెన్షియోమీటరుతో పెట్టిన వోల్టేజీ ఇచ్చి ఫీడ్‌బ్యాక్ లేకుండా వదిలేస్తే అది పోలిక చెబుతుంది. కానీ గాలి తెర ఒకటి వచ్చి పోతే వేడి 36కు అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు ఫ్యానును ఆన్, ఆఫ్ చేసే రిలే టకటకా కొట్టుకుంటుంది, కాంటాక్టులు కాలిపోతాయి. అందుకే ఫ్యాను మొదలయ్యే వేడికీ ఆగే వేడికీ మధ్య ఒక డిగ్రీ ఎడం పెట్టాలి. ఆ ఎడాన్నే హిస్టెరిసిస్ అంటారు.

దీనికి అవుట్‌పుట్‌ను ఈసారి ప్లస్ ఇన్‌పుట్‌కు వెనక్కి తేవాలి. మొదటి ఆప్‌ఆంప్ అవుట్‌పుట్ నుంచి 10 కిలో ఓమ్ ద్వారా 5వ కాలుకు, 7వ కాలు అవుట్‌పుట్ నుంచి 1 మెగా ఓమ్ ద్వారా అదే 5వ కాలుకు కలపాలి. పోల్చే వోల్టేజీ 6వ కాలుకు. అవుట్‌పుట్ సున్నా నుంచి 10.5 దాకా ఊగుతుంది. ఎడం అందులో నూరో వంతు, అంటే 0.105 వోల్ట్లు. మనకు డిగ్రీకి 0.11 వోల్ట్లు కనుక అది ఒక డిగ్రీకి కాస్త తక్కువ. 6వ కాలు దగ్గర 3.92 వోల్ట్లు పెడితే ఫ్యాను 36 దగ్గర మొదలై 35 దగ్గర ఆగుతుంది.

ఆప్‌ఆంప్ రిలేను నేరుగా లాగలేదు. 7వ కాలు నుంచి 4.7 కిలో ఓమ్ ద్వారా బీసీ547 ట్రాన్సిస్టరు బేసుకు ఇచ్చి, రిలే కాయిల్‌ను దాని కలెక్టరులో పెట్టాలి. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడు తిరగేసి వేయడం మరవకూడదు. రిలే ఆగిన క్షణంలో కాయిల్ పుట్టించే వోల్టేజీని ఆ డయోడు మింగకపోతే ట్రాన్సిస్టరు చచ్చిపోతుంది. నేర్చుకునే పిల్లలు మొదట రిలే స్థానంలో ఒక రెసిస్టరుతో వరసలో ఎల్‌ఈడీ పెట్టి, తర్వాత రిలే పెట్టి దానితో 12 వోల్ట్ల చిన్న ఫ్యాను నడిపి చూడాలి. 230 వోల్ట్ల మెయిన్స్ వైపు పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతికే వదలాలి.

పరీక్ష ఏ వరసలో చేయాలి

ముందు కరెంటు ఇవ్వకుండా చూడాలి. ఐసీని పైనుంచి చూస్తూ గాటు పైవైపు ఉంచి, దాని ఎడమ పక్కనున్న 1వ కాలు నుంచి గడియారానికి ఎదురు దిశలో కాళ్లు లెక్కపెట్టాలి. ఎల్‌ఎం35 చదునైన ముఖం మనవైపు ఉంటే ఎడమ కాలు ప్లస్, మధ్యది అవుట్‌పుట్, కుడిది గ్రౌండు. తిప్పి పెడితే కాసేపట్లోనే వేలు కాలేంత వేడెక్కుతుంది. కొన్ని బ్రెడ్‌బోర్డుల్లో పక్కన పోయే పవరు గీత మధ్యలో తెగి ఉంటుంది. మీటరులో కంటిన్యుటీ పెట్టి చివర నుంచి చివరకు చూసుకోవాలి. ఐసీ దగ్గరే 8, 4 కాళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు ఉండాలి.

తర్వాత కరెంటు ఇచ్చి 8వ కాలు దగ్గర నిజంగా 12 ఉందో లేదో చూడాలి. సప్లై దగ్గర చూస్తే చాలదు, ఐసీ కాలు మీదే కొలవాలి. ఆ తర్వాత చేసే పరీక్ష అన్నిటికంటే ఉపయోగకరమైనది: మొదటి ఆప్‌ఆంప్ 2, 3 కాళ్ల వోల్టేజీలు కొలవండి. కొద్ది మిల్లీవోల్ట్ల లోపు సమానంగా ఉంటే ఫీడ్‌బ్యాక్ పనిచేస్తోంది. తేడా ఎక్కువగా ఉంటే అవుట్‌పుట్ పైకప్పునో నేలనో తాకి ఉండాలి, లేదా రెసిస్టరు వైరు ఎక్కడో ఊడి ఉండాలి. మన కుర్రాడు మధ్యాహ్నం ఈ ఒక్క కొలత తీసి ఉంటే 3వ కాలు 0.38, 2వ కాలు 0.32 కనబడేవి. జబ్బు అక్కడే తేలిపోయేది.

ఇప్పుడు సెన్సారు తీసేసి ఆ స్థానంలో పొటెన్షియోమీటరుతో తెలిసిన వోల్టేజీ ఇవ్వాలి. 0.10 వోల్ట్ల నుంచి మొదలుపెట్టి వోల్టులో పదో వంతు చొప్పున పెంచుతూ అవుట్‌పుట్ రాసుకుంటూ పోవాలి. పని చేయాల్సిన చోట ఆగిపోకుండా, అవుట్‌పుట్ పెరగడం మానేసేదాకా వెళ్లాలి. గ్రాఫు గీస్తే ఒక సరళరేఖ, పైన ఒక చదును కనిపిస్తాయి. ఆ వంపు దగ్గరే మీ సర్క్యూట్ హద్దు. రేఖ వాలు నుంచి అసలు పెంపు, రేఖ సున్నా దగ్గర తప్పిన దూరం నుంచి ఆఫ్‌సెట్ తెలుస్తాయి.

చివరగా నిజమైన వేడితో చూడాలి. సెన్సారు కాళ్లను హీట్‌ష్రింక్ ట్యూబుతో కప్పి, పలచటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి గోరువెచ్చని నీళ్లలో ముంచండి. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు 32 నుంచి 42 డిగ్రీల దాకా కొలుస్తుంది, మనకు కావలసింది సరిగ్గా ఆ మధ్యే. నీళ్లు చల్లారుతుంటే ఫ్యాను ఎక్కడ ఆగిందో, వేడినీళ్లు కలిపితే ఎక్కడ మొదలైందో రాసుకోవాలి. ఆ రెండింటి మధ్య ఒక డిగ్రీ వస్తే రెండో ఆప్‌ఆంప్ లెక్క కూడా రుజువైనట్టే.

వేగానికీ ఒక హద్దుంది

వేడి మెల్లగా మారుతుంది కనుక ఈ సర్క్యూట్‌కు వేగం అడ్డు రాదు. మాట, పాట పెంచే సర్క్యూట్ చేస్తే అదీ చూసుకోవాలి. 741కు పెంపు, ఫ్రీక్వెన్సీల లబ్ధం సుమారు 10 లక్షల హెర్ట్జ్. పెంపు 11 పెడితే 90 కిలోహెర్ట్జ్ దాకానే అది నిలుస్తుంది, వంద పెడితే 10 కిలోహెర్ట్జ్ దాకానే. అదిగాక దాని అవుట్‌పుట్ మైక్రోసెకనుకు అర వోల్టు కంటే వేగంగా కదలలేదు. 10 వోల్ట్ల ఎత్తున్న తరంగం 8 కిలోహెర్ట్జ్ దాటితే ఆసిలోస్కోపు తెర మీద గుండ్రటి తరంగం త్రికోణంగా మారిపోతుంది. ఇక్కడా పరీక్ష పద్ధతి మారదు: రూపం చెడేదాకా ఫ్రీక్వెన్సీ పెంచుకుంటూ పోయి, చెడిన చోటును రాసుకోవాలి.

లేబ్ రికార్డుల్లో సూత్రమూ, బొమ్మా, సరిపోయిన రెండు మూడు అంకెలూ ఉంటే మార్కులు పడిపోతాయి. పొలానికి అది చాలదు. సర్క్యూట్ పెట్టె మూత మీద నాలుగు మాటలు రాసి అతికించండి: సప్లై 12 వోల్ట్లు, ఫ్యాను 36 దగ్గర మొదలు, 35 దగ్గర ఆగుతుంది, పరీక్షలో కనబడిన తప్పు ఇంత, ఇన్ని డిగ్రీల పైన నమ్మకండి. రేపు ఆ పెట్టెను ఇంకొకరు 5 వోల్ట్ల ఛార్జరుకు తగిలించబోతే ఆ కాగితమే ఆపుతుంది. హద్దులు రాయని సర్క్యూట్ ఇంకా పూర్తి కాలేదని పిల్లలకు మొదటి లేబ్ రోజునే చెప్పాలి.